పొదుపు పాఠంలో ఇంటికప్పు ఏదీ?

ఏటా డిసెంబరు 14న జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం వస్తుంది. దాని వెంబడే వారోత్సవాలు, వాటి వెంబడే బడిపిల్లలకు వ్యాసరచన పోటీలు. తెలుగు పండితుణ్ణి గనుక ఆ వ్యాసాలు దిద్దే పని ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా మెడకే పడింది. బందరులో దిద్దినా, గుడివాడలో దిద్దినా, దివిసీమలో దిద్దినా వ్యాసం ఒక్కటే. గది విడిచి వెళ్ళునపుడు దీపములు ఆర్పవలెను, ఫ్యానులు కట్టివేయవలెను, మనమందరము విద్యుత్తును పొదుపు చేయవలెను. పిల్లలను నేను తప్పు పట్టను. చెప్పినది వ్రాశారు. నా పేచీ అంతా చెప్పినవాళ్ళతోనే. ఈ టపాలో ఆ పేచీ కొంత తీర్చుకోదలిచాను. కొంచెం పెద్దదవుతుంది, మిత్రులు ఓపిక పట్టాలి.

ముందు వ్యాకరణంతో మొదలుపెడతాను, చేతికి అలవాటైన ఆయుధం అదే గనుక. మన భాషలో ఉత్తమపురుష బహువచనానికి రెండు రూపాలున్నాయి. 'మేము' అంటే ఎదుటివాడు అందులో లేడు. 'మనము' అంటే వాడూ ఉన్నాడు. ఇంగ్లీషు 'వి'కి ఈ విచక్షణ లేదు, హిందీ 'హమ్'కూ లేదు. ఇంత చక్కని వివేకం గల భాషలో కూర్చుని, 'మనమందరము పొదుపు చేయవలెను' అని గోడలమీద వ్రాస్తారు. ఎవరండీ ఈ మనము? కోడూరు మండలంలో రెండు బల్బులు, ఒక ఫ్యాను ఉన్న ఇల్లాలూ, విజయవాడలో గదికొక ఏసీ పెట్టుకున్న ఆసామీ ఒకే సర్వనామంలో ఇమిడిపోయారా? 2022–23లో సవరించిన టారిఫ్ చూడండి. ఇంటి వాడకంలో మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1 రూపాయి 90 పైసలు, 400 దాటిన దానికి 9 రూపాయల 75 పైసలు. బిల్లు వేసేవాడికి తెలిసిన భేదం నీతులు చెప్పేవాడికి తెలియకపోవడం వింతే గదా!

సరే, ఆ నీతులైనా లెక్కకు నిలుస్తాయేమో చూద్దాం. నేను లెక్కల మాష్టారిని కాను గాని ఈ లెక్కకు ఎక్కాలు చాలు. వెయ్యి వాట్లు ఒక గంట వాడితే ఒక యూనిట్. ఇప్పుడు ఇళ్ళలో ఉన్నవి చాలా వరకు తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బులు. అటువంటి బల్బును నూటపదకొండు గంటలు ఆర్పి ఉంచితే ఒక్క యూనిట్ మిగులుతుంది. సెల్ ఫోను చార్జరును గోడనుండి పీకమని ఒక ఉపదేశం ఉంది. ఫోను తగిలించని చార్జరు తినేది వాట్‌లో ఐదో వంతు అనుకుందాం. నెలంతా అలాగే వదిలేసినా యూనిట్‌లో ఏడో వంతు. పీకవద్దని నేను అనను, పీకండి. కాని దానిని పొదుపు అని పిలిచి చేతులు దులుపుకోవద్దంటాను.

ఇక ఫ్యాను సంగతి. మామూలు సీలింగు ఫ్యాను 75 వాట్లు. వేసవిలో బందరులో రోజుకు పదహారు గంటలకు తక్కువ తిరగదు. రోజుకు యూనిట్ ఇరవై పాయింట్లు, నెలకు 36 యూనిట్లు. రెండు గదులుంటే 72. బొగ్గు కరెంటు యూనిట్‌కు ఆరేడు వందల గ్రాముల బొగ్గు కాలుతుంది. అంటే ఇబ్రహీంపట్నం దగ్గరి నార్ల తాతారావు థర్మల్ కేంద్రం వంటి చోట, మన ఒక్క ఫ్యాను నెల రోజులు తిరగడానికి పాతిక కిలోల దాకా బొగ్గు మండాలి. అందులోనూ వేడిలో మూడో వంతు మాత్రమే కరెంటవుతుంది, మిగిలినది పొగగొట్టం గుండానో నీళ్ళలోనో పోతుంది. బల్బు దగ్గర కాపలా కాస్తూ కూర్చున్నవాడికి ఈ ఫ్యాను కనిపించదు. కనిపించినా 'కట్టివేయవలెను' అంటాడు. రోహిణి కార్తెలో, ఉక్కపోతలో, రాత్రి పదకొండు గంటలకు ఫ్యాను కట్టివేసి ఎలా పడుకోవాలో ఆ వ్యాసం వ్రాయించినవారు ఒక్కరాత్రి చేసి చూపించాలి.

ఫ్యాను ఎందుకు తిరుగుతోంది? ఇంటికప్పు కాలుతోంది గనుక. ఇంతకుమించి ఈ టపాలో క్రొత్త సంగతి లేదు. కాని ఈ ఒక్క వాక్యం ఏ పొదుపు కరపత్రంలోనూ నాకు కనబడలేదు గనుకనే ఇంత వ్రాయవలసి వస్తోంది.

అన్నం వార్చిన తరువాత మూతపెట్టి కాసేపు ఉమ్మగిల్లనివ్వడం మన వంటింటి విద్య. నిప్పు తీసేసినా గిన్నెలో నిలిచిన ఆవిరే మిగతా పని పూర్తిచేస్తుంది. ఇంధనపు పొదుపుకు ఇంతకంటే చక్కని మాట లేదు. ఇప్పుడు ఆ మాట అన్నం మీదినుండి మన మీదికి వచ్చింది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు ప్రొద్దుటినుండి సాయంత్రం దాకా ఎండను త్రాగుతుంది. కాంక్రీటు నిదానం మనిషి. పైన త్రాగిన వేడి అడుగుభాగానికి దిగడానికి దానికి గంటలు పడుతుంది. అందుకే మిట్టమధ్యాహ్నం కంటే సాయంత్రం ఐదారు గంటలకు గది లోకప్పు ఎక్కువ వేడిగా ఉంటుంది. స్టూలు ఎక్కి చెయ్యి ఆనించి చూడండి. ప్రొద్దు గూకి బయట గాలి చల్లబడిన తరువాత కూడా అది ఆ వేడిని కక్కుతూనే ఉంటుంది. కప్పు క్రింద పేరుకున్న ఆ వేడిగాలినే ఫ్యాను మన మీదికి దింపుతుంది. 75 వాట్లు ఖర్చు పెట్టి మనం చేయించుకుంటున్న సేవ ఇది.

పెంకుటిల్లు ఇలా చేయదు. పెంకు పలచన, తొందరగా కాగినా తొందరగా ఆరుతుంది. పెంకుకూ పెంకుకూ నడుమ సందుల్లో వేడిగాలి పైకి పోతుంది. మధ్యలో అటక ఉంటే ఆ వేడి అక్కడే ఆగుతుంది. తాటాకు కప్పయితే చెప్పనే అక్కరలేదు, ఆకుల పొరల నడుమ చిక్కుకున్న గాలే దుప్పటి. గుడివాడ, పామర్రు ప్రాంతాలలో ఇంకా అక్కడక్కడ మిగిలిన మండువా లోగిళ్ళలో నిలబడ్డవారికి తెలుసు, నడిమి మండువా వేడిగాలికి పొగగొట్టం లాంటిది. చుట్టూ వసారా, క్రిందికి దిగిన చూరు ఉంటే గోడకు ఎండ తగలదు. బందరులో మధ్యాహ్నానికి సముద్రం మీదినుండి గాలి మళ్ళుతుంది. అది గుడివాడ చేరేసరికి ప్రొద్దు వాలుతుంది, కొన్నాళ్ళు చేరనే చేరదు. ఆ గాలిని పట్టుకోవడానికే ఆ ఇళ్ళకు ఎదురెదురు కిటికీలు. ఇప్పుడు గోడకు గోడ ఆనించి కడుతున్నాం. కిటికీ ఉన్నా ఎదురు కిటికీ లేదు. వాస్తు చెప్పేవాళ్ళు ఈశాన్యం మూల అంగుళం పెరిగిందా తరిగిందా అని తాడు పట్టి కొలుస్తారు గాని, పడమటి గోడకు నీడ ఉందా అని అడిగినవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు.

ఇంతదాకా చదివి 'అయితే మాష్టారు మనల్ని మళ్ళీ తాటాకు గుడిసెల్లోకి పొమ్మంటున్నారు' అని వ్యాఖ్య వ్రాయడానికి సిద్ధపడుతున్న మిత్రులు ఒక్క క్షణం ఆగాలి. నేను దివిసీమ వాకిట పుట్టిపెరిగినవాణ్ణి. 1977 నవంబరు 19 నాటికి నాకు పదహారేళ్ళు. ఆ ఉప్పెనలో ప్రభుత్వం చెప్పిన లెక్కే పదివేల మంది. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి, ఆ పాయల నడుమ సముద్రం దాకా పరచుకున్న ఆ సీమలో, సొర్లగొంది వంటి పల్లెలలో తాటాకు గుడిసె అన్నది ఆనవాలుకు కూడా మిగలలేదు. అంతకు ముందు 1864 నవంబరు 1 రాత్రి బందరు మునిగినప్పుడు ముప్పైవేల మంది పోయారని చరిత్ర. మండువా లోగిళ్ళ గొప్ప చెప్పేటప్పుడు ఒక మాట మరిచిపోకూడదు. ఆ లోగిలి కామందుది. దానిని కట్టిన కూలీ, ఊరి చివర గాలికెగిరే, నిప్పురవ్వకు అంటుకునే పాకలో ఉన్నాడు. కాబట్టి ఉప్పెన తరువాత ప్రభుత్వమూ స్వచ్ఛంద సంస్థలూ పూనుకొని పక్కా ఇళ్ళు, తుపాను షెల్టర్లు కట్టించడం తప్పని అనే నోరు నాకు లేదు. కాంక్రీటు కప్పు కావాలి. ఆ కప్పును నగ్నంగా ఎండకు వదిలేసి, క్రింద ఉన్నవాళ్ళకు పొదుపు నేర్పడమే అన్యాయం.

నాలుగేళ్ళ క్రితం మే నెలలో నాగాయలంక అవతల ఒక మత్స్యకారుల పల్లెకు, నా దగ్గర చదువుకున్న పిల్లవాడి గృహప్రవేశానికి వెళ్ళాను. వీధి వీధంతా ఒక తీరు ఇళ్ళు, చిన్న చిన్న స్లాబులు. ప్రతి ఇంటిముందూ ఒక తాటాకు పందిరి. మధ్యాహ్నం వేళ మనుషులంతా పందిళ్ళ క్రింద, ఇళ్ళన్నీ ఖాళీ. ఆ పిల్లవాడి నాయనమ్మ నవారు మంచం మీద కూర్చుని వల అల్లుతోంది. లోపల ఫ్యాను ఉంది గదా, ఇక్కడెందుకు కూర్చున్నావమ్మా అని అడిగాను.

"ఉప్పెనొత్తే లోపలికెళ్తాం మేస్టారూ, ఎండొత్తే బయటికొత్తాం" అంది.

ఇంజనీర్లు పుస్తకాలు తిరగేసి చెప్పవలసిన మాటను ఆవిడ ఒక్క వాక్యంలో చెప్పేసింది. నలభై, యాభై ఏళ్ళుగా మనం పేదవాడికి సగం ఇల్లే కట్టి ఇస్తున్నాం. మిగిలిన సగం వాడే తాటాకు తెచ్చి వేసుకుంటున్నాడు. తుపాను రోజులు ఏడాదికి ఎన్ని? ఎండ రోజులు ఎన్ని?

ఎండతో చచ్చినవాళ్ళ లెక్క తక్కువేమీ కాదు. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడువేల మంది దాకా వడదెబ్బకు పోయారని ప్రభుత్వమే చెప్పింది. 2015 మే నెలలో, విడిపోయిన తరువాతి ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి దాటారు. వడదెబ్బ అనగానే పొలం గట్టునో, రోడ్డు పక్కనో కూలిపోయినవాడు కళ్ళముందు మెదులుతాడు. పగలంతా కాగిన ఒళ్ళు రాత్రికి చల్లబడాలి. చల్లబడకపోతే మర్నాటి ఎండకు అది తట్టుకోదు, ముసలి ఒళ్ళు అసలే తట్టుకోదు. రాత్రి నిద్రలో చల్లబడనివ్వనిది ఏది? ఆ స్లాబే.

వెనుక మన ప్రాంతంలో దీనికొక విరుగుడు ఉండేది. సాయంత్రం డాబా మీద బిందెలతో నీళ్ళు చల్లి, ఆవిరి పోయిన తరువాత పక్కలు వేసుకొని పైనే పడుకునేవాళ్ళం. ఇప్పుడు బిందె స్థానంలో మోటారు వచ్చింది, అది మళ్ళీ కరెంటే. చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు, వాటితో దోమలు. పైన పడుకోవడం కుదరదు, తలుపులు తెరుచుకోవడం కుదరదు. తలుపులు మూసుకొని, కాగిన కప్పు క్రింద, ఫ్యాను వేసుకొని... ఇక వ్యాసంలో మిగతా భాగం మీకు తెలిసినదే.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియదా అంటే, తెలుసు. కావలసినంత తెలుసు. 2018లో, అదీ ఆ డిసెంబరు 14నే, నివాస గృహాలకు 'ఎకో నివాస్ సంహిత' అని ఒక నియమావళి విడుదల చేశారు. (సగం ఇంగ్లీషు, సగం సంస్కృతం. ఈ సమాసానికి విగ్రహవాక్యం ఎవరైనా చెబితే నేర్చుకుంటాను.) అందులో కప్పు గుండా చొరబడే వేడికి హద్దు గీశారు. లోపలికీ బయటికీ ఒక్కొక్క డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు 1.2 వాట్లు మించరాదు. వట్టి కాంక్రీటు స్లాబు ఇంతకు రెండింతలకు పైగా రానిస్తుంది. చాలా మంచి నియమం. ఎవరికి? 500 చదరపు మీటర్లు, అంతకు పైబడిన స్థలంలో కట్టే ఇళ్ళకు. మన కొలతలో పన్నెండు సెంట్ల పైమాట. 2020 డిసెంబరు 25న రాష్ట్రంలో మొదలైన ఇళ్ళ పథకంలో పేదవాడికి ఇచ్చిన స్థలం పల్లెలో సెంటున్నర, పట్టణంలో సెంటు. పన్నెండు సెంట్లవాడి కప్పుకు కొలత ఉంది. సెంటువాడి కప్పుకు కొలత లేదు, వాడి స్విచ్చికి మాత్రం సుభాషితం ఉంది. ఇది ఒక పార్టీ మీద వ్రాస్తున్నదని అనుకోవద్దు. 2006లో ఇందిరమ్మ ఇళ్ళన్నారు, తరువాత మరో పేరన్నారు, ఆ తరువాత ఇంకో పేరు. పేర్లు మారాయి, గోడమీది బొమ్మలు మారాయి. కప్పు మాత్రం అదే కప్పు.

కప్పును చల్లబరచడం ఏమైనా రాకెట్ విద్యా? మాసిన కాంక్రీటు మీద పడిన ఎండలో పావు వంతో అంతకు కాస్త ఎక్కువో వెనక్కి పోతుంది, మిగిలినదంతా లోపలికే. తెల్లగా వెల్ల వేసిన కప్పు ముప్పాతిక వంతు దాకా వెనక్కి కొడుతుంది. గదిలో రెండు మూడు డిగ్రీల తేడా వస్తుంది. రెండు డిగ్రీలేగా అనకండి, ఉక్కలో ఆ రెండు డిగ్రీలే నిద్రకూ జాగరణకూ నడుమ గీత. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ఐదేళ్ళకు సరిపడ చల్లని కప్పుల విధానం ఒకటి ప్రకటించింది. దాని అమలు మీద చర్చలుంటే ఉండవచ్చు, కాని కప్పు అనే మాట ప్రభుత్వపు కాగితం మీదికి ఎక్కింది. తీరం వెంబడి ఉక్కలో ఉడికే మనకు అది వాళ్ళకంటే ముందే రావలసింది.

'ఇంటింటికీ వెళ్ళి సున్నం వేయడం ప్రభుత్వాల పనా?' అని ఒక మిత్రుడు మొన్న ముఖాముఖినే అడిగాడు. బల్బులు పంచడం ఎవరి పని అయింది మరి? 2014, 2015లలో ఈ రాష్ట్రంలో పాత బల్బులు పుచ్చుకొని ఎల్ఈడీ బల్బులు చేతిలో పెట్టారు. అప్పుడు 'అరవై వాట్ల బల్బును తక్కువగా వాడుకోండి' అని నీతి చెప్పి ఊరుకోలేదు. బల్బునే మార్చారు. అందుకే ఆ పొదుపు నిలిచింది. ఏ ఇల్లాలూ గుర్తుపెట్టుకొని చేయనక్కరలేని పొదుపు అది. ఇంటిమీద కప్పుకు కూడా ఆ మర్యాదే చేయమంటున్నాను. ఇల్లు మంజూరు చేసే అంచనా కాగితంలో సిమెంటు బస్తాలు, ఇనుము, ఇసుక అని వరుసగా వ్రాస్తారే, ఆ వరుసలో చివర 'కప్పుపై తెల్లపూత' అని ఒక్క పద్దు చేర్చడానికి ఏ శాస్త్రం అడ్డు?

ప్రభుత్వాన్ని తిట్టడం తేలిక, మనవాళ్ళ దగ్గరికి వస్తాను. బందరులో, గుడివాడలో మధ్యతరగతి ఇల్లంటే క్రింద యజమాని, పైన అద్దెవాటా. పైవాటాలో ఉండేది ఎవరు? చిన్న గుమాస్తా, ప్రైవేటు బడి పంతులు, క్రొత్తగా కాపురం పెట్టిన జంట. స్లాబు వేడి మొత్తం వాళ్ళ నెత్తిన. యజమాని క్రింద చల్లగా ఉంటాడు, ఎందుకంటే పైవాటా అతనికి అటక. కరెంటు బిల్లు పైవాళ్ళది, డాబా యజమానిది. వెల్ల వేయిస్తే ఖర్చు ఇతనిది, లాభం వాళ్ళది, కాబట్టి వేయించడు. అద్దెకున్నవాడు తన డబ్బుతో పరాయి డాబాకు సున్నం వేయించడు. ఇద్దరి నడుమా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. గోడలకు రంగు వేయించి గాని ఇల్లు అద్దెకివ్వం గదా, డాబాకు వెల్ల వేయించి ఇవ్వడం కూడా ఆ ఆచారంలో ఎందుకు చేరదు? అద్దెలు పెంచేటప్పుడు చూపే శ్రద్ధలో పదో వంతు చాలు.

క్రొత్తగా కట్టేవాళ్ళ ముచ్చట వేరే. ఇంటి ముఖానికి గాజు పలకలు, నల్ల గ్రానైటు. ఆ ముఖం పడమటికి ఉన్నా సరే, 'ఎలివేషన్' బాగుండాలి. పైన నగ్నమైన స్లాబు, క్రింద గదికొక ఏసీ. ఏసీ వేడిని చంపదు, వీధిలోకి నెడుతుంది. ఇరుకు సందులో అది ఎదురింటి కిటికీలోకి పోతుంది, ఆ ఎదురింటివాడూ ఏసీ కొంటాడు. 2020 జనవరి నుండి గది ఏసీలు 24 డిగ్రీలకే మొదలయ్యేలా చేసి అమ్మాలన్న నియమం వచ్చింది. ఒక్కొక్క డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతుంది. మంచిదే. కాని మనవాళ్ళు రిమోటు చేతికి రాగానే 18కి దించి రగ్గు కప్పుకుంటారు! 2022 ఏప్రిల్‌లో కరెంటు చాలక పరిశ్రమలకు సెలవులు ప్రకటించి, పల్లెల్లో కోతలు పెట్టిన రోజులు గుర్తున్నాయా? ఆ కోతల్లో విసనకర్ర పట్టుకున్నది రగ్గు కప్పుకున్నవాడు కాడు.

డాబా మీద సౌర పలకలు పెట్టుకోవడానికి 2024 ఫిబ్రవరి నుండి కేంద్రం మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా రాయితీ ఇస్తోంది. స్తోమత ఉన్నవాళ్ళు తప్పక పెట్టుకోండి. వాటి నీడ స్లాబుకు గొడుగు కూడా అవుతుంది, ఈ లాభం అమ్మేవాళ్ళు చెప్పరు. కాని కిలోవాటుకు వంద చదరపు అడుగుల చోటు కావాలి, చేతిలో పెట్టుబడి కావాలి. సెంటు స్థలంవాడికీ, అద్దెవాటా పంతులుకూ అది అందని మాట.

మిగిలిన చిట్కాలు గబగబా చెప్పేస్తాను, ఎవరో ఒకరు అడుగుతారు గనుక. బీఎల్‌డీసీ ఫ్యాన్లని వచ్చాయి, ముప్పై వాట్ల చుట్టుప్రక్కల తింటాయి. పదహారు గంటలు తిరిగినా నెలకు పద్నాలుగు, పదిహేను యూనిట్లు. పాత ఫ్యానుతో పోలిస్తే ఇరవై యూనిట్ల పైన మిగులు. మధ్యతరగతి శ్లాబులో అది నెలకు వంద రూపాయల చుట్టుప్రక్కల. రూపాయి తొంభై పైసల శ్లాబులో ఉన్నవాడికి మాత్రం గిట్టదు, కాబట్టి వాడికి అమ్మకూడదు, ఇవ్వాలి. గోడకు పాత డబ్బా రెగ్యులేటరు ఉంటే మార్చేయండి, ఫ్యాను నెమ్మదించినా ఆ డబ్బా వేడెక్కి కరెంటు తింటుంది. టీవీ కట్టేసినా సెట్‌టాప్ బాక్సు మేలుకొనే ఉంటుంది, పది వాట్లు తినే రకమైతే నెలకు ఏడు యూనిట్లు. చార్జరును వదిలి దాని పని పట్టండి. పప్పు, బియ్యం ముందుగా నానబెట్టడం, మూతపెట్టి వండటం, అన్నం ఉమ్మగిల్లనివ్వడం మన అమ్మలు చెప్పినవే, వాళ్ళకు ఏ వారోత్సవమూ నేర్పలేదు. అన్నట్టు, ఆ వారోత్సవాల గోడపత్రికలమీద స్విచ్చి దగ్గర చెయ్యి ఎప్పుడూ ఆడమనిషిదో పిల్లవాడిదో. కప్పు ఎలా వేయాలో నిర్ణయించేది వాళ్ళు కారు. ఇంటాయన, తాపీమేస్త్రి, కంట్రాక్టరు. వాళ్ళ బొమ్మ వేసిన గోడపత్రిక ఒక్కటి చూపించండి, నేను ఈ టపా చెరిపేస్తాను.

వెల్ల సంగతి అడిగేవారికి నేను చేయించుకునే తీరు చెబుతాను. మాఘం వెళ్ళిన తరువాత, ఎండ ముదరకముందు పని పెట్టుకోవాలి. స్లాబు కారుతుంటే ముందు ఆ మరమ్మతు. పాచి, నాచు గీకి కడిగించాలి. గుల్లసున్నం దొరికితే శ్రేష్ఠం, మన తీరంలో నత్తగుల్లలు, ఆలిచిప్పలు కాల్చి చేసిన సున్నానికి తెలుపు ఎక్కువ. డ్రమ్ములో ఒక రోజు నానబెట్టి, గుడ్డలో వడగట్టి, కొంచెం జిగురు కలిపి, సాయంత్రం వేళ నిలువున ఒక పూత, ఆరిన తరువాత అడ్డంగా ఒక పూత వేయించాలి. పూర్వం గచ్చు పనిలో బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపేవారు, ఆ ఓపిక ఇప్పటి మేస్త్రులకు లేదు. సున్నం కంట్లో పడకుండా చూసుకోండి, మర్నాడు ఎండలో ఆ తెలుపు కళ్ళు జిగేలుమనిపిస్తుంది కూడా. వానాకాలం పోయేసరికి చాలా వరకు కడుక్కుపోతుంది, మళ్ళీ ఏడు మళ్ళీ వేయాలి. 'ఏటేటా ఎవరు వేస్తారు' అని విసుక్కునేవారికి ఒక్క మాట. ప్రతి సంక్రాంతికీ గోడలకు వెల్ల వేసుకున్నవాళ్ళమే మనం, ఇంకో పది నిచ్చెనమెట్లు ఎక్కాలి, అంతే. ఉద్యోగం విరమించిన నాటినుండి నేను ఏటా వేయిస్తున్నాను. మే నెలలో మిట్టమధ్యాహ్నం చెప్పులు లేకుండా మా డాబా మీదికి వెళ్ళి వడియాలు తిరగేసి వస్తున్నాను. ప్రక్కింటి డాబా మీద ఆ పని చేయలేను, చేసి చూశాను.

బందరులో ఈ ఏడు మేస్త్రి కూలి కంటే సున్నం దొరకడమే కష్టమైంది. గుల్లసున్నం బట్టీలు అవనిగడ్డ వైపు గాని, గుడివాడ వైపు గాని ఇంకా ఎక్కడైనా నడుస్తున్నట్టు తెలిసిన మిత్రులు వ్యాఖ్యలో వ్రాయండి. చదరపు గజానికి ఎంత తీసుకుంటున్నారో కూడా.